తుపాకీ బీరువా

మా ఆయన జాన్‌బాబుకు సొంత తుపాకీ ఉండేదంటే ఇక్కడి తెలుగువాళ్ళు ఇప్పటికీ నమ్మరు. అది వాళ్ళ తప్పు కాదు. బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కే మనిషి. పెళ్ళయిన కొత్తలో తెనాలిలో మా అమ్మ కోడిని కోసి పెట్టమంటే, ఇప్పుడే వస్తానని వెళ్ళి రెండు గంటలు ఇంటి ఛాయలకు రాలేదు. అలాంటి మనిషి జర్మనీ వచ్చి, ఇంగోల్‌స్టాట్‌కు పదకొండు కిలోమీటర్ల అవతల ఒక పల్లెటూళ్ళో, సర్కారు ముద్ర వేయించుకుని మరీ తుపాకీ కొన్నాడు. అది ఎలా పోయిందో చెబుతాను. పోగొట్టింది నేనే కాబట్టి, ఇంకొకరు చెబితే లేనిపోనివి కలుస్తాయి.

నా పేరు సంతోషకుమారి. పేరులో ఉన్న సంతోషం మనిషిలో లేదని మా అత్తగారు అనేది. నేను ఈ ఊరి కీటాలో, అంటే బడికి ముందు వయసు పిల్లల్ని చూసుకునే చోట, పని చేస్తాను. పద్దెనిమిది మంది మూడేళ్ళ పిల్లల మధ్య రోజంతా గడపడం వల్ల నాకు జర్మన్ భాషా, కోపమూ రెండూ ధారాళంగా వచ్చేశాయి. మా ఆయన కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీరు. ఆఫీసులో అంతా ఇంగ్లీషే. ఈ దేశం వచ్చి పదేళ్ళయినా బేకరీలో రొట్టె కావాలంటే ఇప్పటికీ వేలు పెట్టి చూపిస్తాడు.

మా పక్కింట్లో అలోయిస్ అని ఒక ముసలాయన ఉన్నాడు. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర అప్పట్లో పందొమ్మిది పాత తుపాకులుండేవి. ఏ ఒక్కటీ ఎవరినీ చంపలేదని, అన్నీ అట్టముక్కకు గురిపెట్టినవేనని గర్వంగా చెప్పుకుంటాడు. 2019 వేసవిలో ఒకరోజు కంచె మీదుగా మా ఆయన్ని పిలిచి, "గురువారం సాయంత్రం మా క్లబ్బుకు రా" అన్నాడు. ఎవరైనా పిలిచారంటే భోజనానికేనని మా ఆయన నమ్మకం. నా చేత గిన్నెడు కోడి పలావు వండించుకుని పట్టుకెళ్ళాడు. తీరా చూస్తే అక్కడ వరసగా తుపాకులు.

ఇక్కడ ప్రతి పల్లెకూ ఇలాంటి తుపాకీ క్లబ్బు ఒకటి ఉంటుంది. యుద్ధానికేమీ కాదు. యాభై మీటర్ల దూరంలో అట్ట కడతారు, మధ్యలో చుక్కను కొడతారు, ఆ తర్వాత బీరు తాగుతారు. తర్వాతే తాగాలన్నది నియమం. మా ఆయన తర్వాత కూడా తాగడు, చర్చిలో మాటిచ్చాడు కాబట్టి. నిమ్మకాయ సోడా తాగే ఆ చెయ్యి వణకదని ఆర్నెల్లలోనే క్లబ్బంతటికీ తెలిసిపోయింది. పలావు గిన్నె ఆ రాత్రే ఖాళీ అయింది. మనిషిని కూడా వాళ్ళే ఉంచేసుకున్నారు.

అక్కడ మా ఆయన్ని 'హన్స్' అని పిలుస్తారు. పదేళ్ళలో ఈ ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచింది వాళ్ళొక్కరే. అదీ తప్పుడు పేరు. నేను ఎగతాళి చేస్తే, "పేరు ఏదైతే ఏంటి కుమారీ, పిలుస్తున్నారు కదా" అనేవాడు. గురువారం వచ్చిందంటే మధ్యాహ్నం నుంచే గడియారం చూసుకునేవాడు. పెళ్ళి చూపులకు వచ్చిన రోజు కూడా అంత శ్రద్ధగా తల దువ్వుకుని ఉండడు.

అంతలో కరోనా వచ్చింది.

ఊరంతా బెంబేలెత్తిపోయి షాపుల మీద పడితే, మా ఆయన ఒక్కడే హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఎందుకంటే అప్పటికే మా ఇంటి కింద నేలమాళిగ, వీళ్ళు కెల్లర్ అంటారు, గొంతు దాకా నిండి ఉంది. క్లబ్బులో ఇద్దరు ముగ్గురికి ఈ పిచ్చి ఉంది. కరెంటు పోతే, నీళ్ళు ఆగిపోతే, ప్రపంచం మునిగిపోతే ఏం చేయాలని ముందే సరుకులు దాచుకుంటారు. అది మా ఆయనకూ అంటుకుంది. సోనామసూరి బియ్యం నూట ఇరవై కిలోలు, కందిపప్పు ముప్పై, టాయిలెట్ కాగితం చుట్టలు రెండు గోడల నిండా. చేత్తో తిప్పే రేడియో. పొయ్యి, దానికి గ్యాసు డబ్బాలు. నా ఆవకాయ జాడీలకు కూడా తేదీ చీటీలు అంటించి, పాతది ముందు తినాలని నాకే పాఠం చెప్పాడు. ఆ జాడీ నేను పెట్టిందే అయ్యా బాబూ అంటే వినడు.

ఫోన్లో ఒక గ్రూపు కూడా పెట్టారు. పేరు 'కష్టకాలం'. జర్మనీ నలుమూలల నుంచీ పదకొండు మంది తెలుగు మగవాళ్ళు. బెర్లిన్‌లో స్టార్టప్ కంపెనీలో చేసే జగన్మోహన్ విల్లూ బాణాలూ కొన్నాడు. గార్చింగ్‌లో చదువుకునే సాయి తేజకు ఉన్నదల్లా ఒక గది, ఒక సైకిలు, మంచం కింద నలభై లీటర్ల నీళ్ళు. ప్రతి ఆదివారం చర్చి ప్రార్థన ఆన్‌లైన్లో అయిపోగానే అదే ల్యాప్‌టాప్ ముందు వీళ్ళ ప్రళయం మొదలయ్యేది.

"అన్నా, మీరైతే గన్ కూడా తీస్కుంటుండ్రు కదన్నా," అన్నాడొకసారి సాయి తేజ. "ఏమన్న అయితే మేమందరం మీ ఇంటికే వస్తం."

"రండి తమ్ముడూ, రండి," అన్నాడు మా ఆయన, ఊరంతా తనదే అన్నట్టు.

"పదకొండు మందికీ ఎవరు వండి పెడతారట?" అన్నాను వంటింట్లోంచి. గ్రూపులో ఎవరి దగ్గరా దానికి ఏర్పాటు లేదు.

తుపాకీ మాత్రం అంత సులువుగా రాలేదు. ఇక్కడ అది కొనాలంటే కార్డు కావాలి. ఏడాది పాటు క్లబ్బులో క్రమం తప్పకుండా కాల్చాలి, పరీక్ష రాయాలి, మనిషి నమ్మదగినవాడని ఆఫీసువాళ్ళు తేల్చాలి. పరీక్షేమో జర్మన్‌లో. మా ఆయన ప్రశ్నలన్నీ తెచ్చుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, జవాబులన్నీ బట్టీ పట్టేశాడు. బాత్రూంలో కూడా వల్లించేవాడు. 'తుపాకీ బీరువా నంబరు ఎవరికి తెలియవచ్చు?' అన్నది వాటిలో ఒక ప్రశ్న. 'కార్డు ఉన్న మనిషికి మాత్రమే. ఇంట్లో మరెవరికీ, భార్యకు సైతం, తెలియరాదు' అన్నది జవాబు. ఆ ప్రశ్నకు మా ఆయనకు పూర్తి మార్కులు వచ్చాయి. మొత్తం పరీక్షలో క్లబ్బులోకెల్లా ఆయనవే ఎక్కువ.

2020 అక్టోబరులో కార్డు వచ్చింది. అలోయిస్ తన పందొమ్మిదింటిలో ఒకదాన్ని, గోధుమరంగు కర్ర ఉన్న పాత రైఫిలును, మా ఆయనకు అమ్మాడు. అది పెట్టుకోవడానికి చట్టప్రకారం ఇనప బీరువా కావాలి కాబట్టి అదీ వచ్చింది. నలుగురు మనుషులు చెమటలు కక్కుతూ మోసుకొచ్చారు. కెల్లర్‌లో పెడదామంటే అక్కడ బియ్యం బస్తాలు జరగలేదు. చివరికి మా పడగ్గదిలో, నా మంచం పక్కన నిలబెట్టి పోయారు.

దాంతోపాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది, నంబరు ఎలా పెట్టాలో చెబుతూ, చీమ తలకాయంత అక్షరాల్లో, జర్మన్‌లో. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి నా చేతిలో పెట్టాడు. నేను చదివి, ఆరంకెల నంబరు పెట్టేశాను. ఏం నంబరని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. మా ఇంట్లో బ్యాంకు పిన్ను నుంచి మా అమ్మాయి తబిత స్కూలు పాస్‌వర్డు దాకా అన్నీ నా నోట్లోనే ఉంటాయి. ఇంటి బీరువా తాళం ఎక్కడుంటుందో తెలిసిన తెలుగు మగవాడు నాకింతవరకు తారసపడలేదు. క్లబ్బు తెరిచి ఉన్న ప్రతి గురువారం సాయంత్రం, "కుమారీ, కాస్త తీసిపెట్టు" అని హాల్లోంచి కేకేసేవాడు. నేను పోపులోంచి గరిటె పక్కన పెట్టి వచ్చి, నంబరు నొక్కి, రైఫిలు తీసిచ్చి, మళ్ళీ పోపు మాడకుండా పరిగెత్తేదాన్ని. ఇద్దరికీ అది తప్పని తోచలేదు. ఆ జవాబు బట్టీ పట్టినాయనకు కూడా తోచలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆరడుగుల బీరువా, లోపల నాలుగు అరలు, ఉన్నది చూస్తే ఒక్క తుపాకీ. చోటు అలా వృథాగా పోతుంటే నాకు నిద్రపట్టలేదు. ముందు పాస్‌పోర్టులు పెట్టాను. తర్వాత మా సర్టిఫికెట్లు. తర్వాత నా హారం, గాజులు, మా అమ్మ ఇచ్చిన కాసులపేరు. పట్టుచీరలు మాత్రం బయట ఎందుకని అవీ తగిలించాను. "గోల్డు ఎక్కడ పెట్టావే?" అని తెనాలి నుంచి అక్క అడిగితే, "తుపాకీ కాపలాలో ఉందిలే" అని కోతలు కోసేదాన్ని.

2021 సెప్టెంబరుకు క్లబ్బులు మళ్ళీ తెరుచుకున్నాయి. ఆ నెలలోనే మా ఆయన్ని క్లబ్బు జట్టులోకి తీసుకున్నారు. పక్క ఊళ్ళతో పోటీలు, ఐదుగురు మనుషులు, అందులో ఒకడు హన్స్. ఆకుపచ్చ ఉన్ని జాకెట్టు, కొమ్ముతో చేసిన గుండీలవి, కొలతలు తీయించి కుట్టించారు. నూటపది ఏళ్ళ క్లబ్బులో ఆ జాకెట్టు వేసుకున్న తొలి పరదేశి తనేనని అలోయిస్ చెప్పినప్పుడు, ఈయన అద్దం ముందు నిలబడి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చూసీ చూడనట్టు వెళ్ళిపోయాను. కార్డు ఉంటేనే తుపాకీ, తుపాకీ ఉంటేనే జట్టు. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తుపాకీ అంటే నాకు చిరాకే గానీ, ఆ జాకెట్టులో నిలబడ్డ మనిషి అంటే చిరాకు లేదు.

మొదటి పోటీ ఇంకా ఎనిమిది రోజులుందనగా, శనివారం పొద్దున పదిన్నరకు గంట మోగింది.

తలుపు తీస్తే ఇద్దరు. చెప్పాపెట్టకుండా ఇళ్ళకొచ్చి తుపాకులు సరిగా పెట్టారో లేదో చూసే ఆఫీసువాళ్ళు. పెద్దాయన పేరు బ్రాండ్ల్, తెల్ల మీసం మాస్కులోంచి రెండు వైపులా పొడుచుకొచ్చింది. రెండో ఆమె వయసులో ఉన్నది, పేరు విమ్మర్, చేతిలో పలక లాంటి కంప్యూటరు. మమ్మల్ని కూడా మాస్కులు పెట్టుకోమన్నారు. కాఫీ ఇస్తానంటే వద్దన్నారు. తబిత స్నేహితురాలింటికి వెళ్ళి ఉండటం ఒక్కటే ఆ రోజు నాకు కలిసొచ్చింది. అది ఉండుంటే నంబరు పాటలా పాడేది.

పడగ్గదిలోకి నడుస్తూ బ్రాండ్ల్ నెమ్మదిగా అడిగాడు. "బీరువా నంబరు మీకు కాక ఇంకెవరికైనా తెలుసా?"

మా ఆయన నిటారుగా నిలబడి, పరీక్షలో రాసిన జవాబు కామాలతో సహా అప్పజెప్పాడు. "ఇంట్లో మరెవరికీ, భార్యకు సైతం, తెలియరాదు."

"తెలియకూడదు సరే. తెలుసా?"

"తెలియరాదు," అన్నాడు మళ్ళీ. ఆయనకు వచ్చింది అంతే.

విమ్మర్ నావైపు చూసింది. "నాకేం తెలుస్తుందమ్మా, నేను వంటింటి మనిషిని," అన్నాను. జీవితంలో నా నోటి నుంచి అంత వినయం ఎప్పుడూ రాలేదు.

"అయితే తెరవండి," అన్నాడు బ్రాండ్ల్.

అప్పుడు గానీ మా ఇద్దరికీ కొంప మునిగిన సంగతి తెలియలేదు. మా ఆయన బీరువా ముందుకెళ్ళి, అంకెల మీద వేలు గాల్లోనే ఆపి, మెల్లగా తల తిప్పి నావైపు చూశాడు. పదమూడేళ్ళుగా ఆ చూపు నాకు తెలుసు. ఏటీఎం ముందు నిలబడి చూసే చూపే. నేను పెదాలు కదిపి చెబుదామంటే మూతికి మాస్కు. వేళ్ళు చూపిద్దామంటే పక్కనే విమ్మర్. నేను నంబరు చెబితే కార్డు పోతుంది. చెప్పకపోతే బీరువా తెరుచుకోదు. ప్రభువా, ఇదెక్కడి తంటా అనుకున్నాను.

ఇక తెలుగే దిక్కు. కోప్పడుతున్నట్టు గొంతు పెంచాను.

"ఏమండీ, అలా నిలబడిపోయారేంటి? మీ ఎంసెట్ ర్యాంకండీ! ఎంసెట్ ర్యాంకు! ఆరంకెలు వచ్చేదాకా ముందు సున్నాలు పెట్టండి!"

"ఏమంటున్నారు?" అన్నాడు బ్రాండ్ల్.

"ఇల్లు సర్దలేదని సిగ్గుగా ఉందంటున్నాను," అన్నాను జర్మన్‌లో.

మా ఆయన మొహం వెలిగిపోయింది. వెలగదా మరి. తెలుగువాడు పెళ్ళిరోజు మరిచిపోవచ్చు గానీ ఎంసెట్ ర్యాంకు మరిచిపోతాడా? 4,318. ఆ ర్యాంకు చూసే మా నాన్న నన్నిచ్చాడు. తెనాలి ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసిన మనిషి, అల్లుడంటే ఐదు వేలలోపు ఉండాలని గీత గీసుకుని కూర్చున్నాడు. తొమ్మిది వేల సంబంధాన్నీ, పదకొండు వేల సంబంధాన్నీ గుమ్మంలోంచే పంపేశాడు. పాస్టరుగారు ఈ సంబంధం తెచ్చినప్పుడు మా నాన్న మంచినీళ్ళు కూడా ఇవ్వకముందే అడిగిన ప్రశ్న అది. ఈయన తల వంచుకుని, "నాలుగు వేల మూడు వందల పద్దెనిమిదండీ" అన్నాడు. ఆ వినయానికి మా అమ్మ అక్కడికక్కడే పడిపోయింది. అప్పట్నుంచీ ఆ అంకె నేను అక్కాచెల్లెళ్ళకు చెప్పాను, వాళ్ళ తోడికోడళ్ళకు చెప్పాను, చివరికి ఎంసెట్ అంటే ఏంటో తెలియని కీటా పిల్లల తల్లులకు కూడా చెప్పాను. అందుకే బీరువాకు అదే పెట్టాను.

మా ఆయన టకటకా ఆరంకెలు నొక్కాడు. ఎర్ర దీపం వెలిగి, కీచుమంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ కీచుమంది. మూడోసారి ఒక్కొక్క అంకె చూసి చూసి నొక్కాడు. నాలుగోసారికి బీరువా అలిగి, ఐదు నిమిషాల దాకా ముట్టుకోవద్దని అడ్డం తిరిగింది.

ఆ ఐదు నిమిషాలు నలుగురమూ నా మంచం చుట్టూ నిలబడ్డాం. మా ఆయన చొక్కా వీపు మీద చెమట మచ్చ పెద్దదవుతూ వచ్చింది. విమ్మర్ మా పెళ్ళి ఫోటో వైపు చూసింది. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది. నిజంగా జాలేసింది. ఎలాగైనా ఈ గండం గడిస్తే ఆదివారం కానుకల పెట్టెలో యాభై యూరోలు వేస్తానని మొక్కుకున్నాను.

మొక్కు ఫలించింది కూడా.

బ్రాండ్ల్ గొంతు సవరించుకున్నాడు. "కంగారు పడకండి. మేం వచ్చేసరికి నంబరు మరిచిపోయేవాళ్ళు చాలామందే ఉంటారు. నాకూ ఫోను నంబరు గుర్తుండదు. కాగితం మీద ఎక్కడా రాసి పెట్టుకోలేదు కదా?"

"లేదు, లేదు," అన్నాడు మా ఆయన.

"అదే మంచిది. మంగళవారానికి ఇంకో అపాయింట్‌మెంటు వేస్తాను. ఈలోగా నెమ్మదిగా గుర్తు తెచ్చుకోండి." విమ్మర్‌కు తల ఊపాడు. ఆమె ఏదో నొక్కి పలక మూసేసింది. ఇద్దరూ గుమ్మం దాకా వెళ్ళి, బూట్లు తొడుక్కోవడానికి వంగారు.

ఇంకొక్క నిమిషం. నేను నోరు మూసుకుని ఉంటే చాలు, అన్నీ దక్కేవి. కార్డు, రైఫిలు, జట్టు, జాకెట్టు.

మా ఆయన గుండె మీద చెయ్యేసుకుని, పెద్ద నిట్టూర్పు విడిచి, తెలుగులో నాతో అన్నాడు. "ఏంటి కుమారీ, ర్యాంకే అన్నావు కదా? కరెక్టుగానే కొట్టాను కదా! ఎందుకు రాలేదంటావ్?"

"ఎంత కొట్టారు?"

"సున్నా పెట్టి, ఇరవై నాలుగు వేల మూడు వందల పద్దెనిమిది."

"ఎంతా?"

అన్నాక గానీ ఆయనకు తెలియలేదు తను ఏమన్నాడో. మాస్కు పైన కళ్ళు రెండూ గుండ్రంగా అయిపోయాయి. నేల చూపులు చూశాడు. ఆ తల వంచుకోవడం చూడగానే నాకు మా తెనాలి ఇంటి ముందుగది కనబడింది, అప్పుడు వంచింది కూడా వినయంతో కాదని తెలిసింది. ముందున్న ఆ రెండుని నొక్కేసి, మిగతా నాలుగంకెలూ మా నాన్నకు చెప్పాడన్నమాట! పదమూడేళ్ళు! ఎంతమందికి చెప్పుకున్నాను! ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పుకున్నాను!

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో బ్రాండ్ల్ లేడు, విమ్మర్ లేదు, చట్టం లేదు. విసవిసా పడగ్గదిలోకి నడిచాను.

"ఇదీ మీరు మా నాన్నకు చెప్పిన ర్యాంకు!" అని ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచి, సున్నా, సున్నా, నాలుగు, మూడు, ఒకటి, ఎనిమిది నొక్కాను. ఆకుపచ్చ దీపం వెలిగింది. పిడి తిప్పి తలుపు బార్లా తెరిచాను.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఇద్దరూ నిలబడి ఉన్నారు. బ్రాండ్ల్ ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు. లోపల నా పెళ్ళి పట్టుచీర కొంగు రైఫిలు మీదుగా వేలాడుతోంది. గుళ్ళ పెట్టె మీద మా అమ్మ కాసులపేరు ఉంది. పక్కన మా సర్టిఫికెట్లు, ఫైలులో పెట్టి, వరసగా.

చివరికి బ్రాండ్ల్ రెండో బూటు కూడా విప్పేసి లోపలికొచ్చాడు. "అమ్మా," అన్నాడు, పాపం నిజంగానే బాధపడుతూ, "మీరు ఒక్క నిమిషం ఆగలేకపోయారా?"

విమ్మర్ పలక తెరిచింది. అరగంట రాసుకున్నారు. నా నగలు, చీరలు, కాగితాలు ఒక్కొక్కటీ తీసి మంచం మీద పెట్టించారు. రైఫిలును సంచిలో పెట్టి, మా ఆయనకు రసీదు ఇచ్చి తీసుకుపోయారు. కార్డు సంగతి ఉత్తరంలో వస్తుందన్నారు. రెండు వారాల్లో వచ్చింది కూడా. మా ఆయన నమ్మదగిన మనిషి కాదని నాలుగు పేజీల్లో రాశారు. ఆ మాట మాత్రం నేను ఆ రోజే అన్నాను, ఒక్క పేజీ కూడా ఖర్చు లేకుండా.

వాళ్ళ కారు మలుపు తిరగ్గానే మొదలుపెట్టాను. అన్నీ అన్నాను. మా నాన్నను మోసం చేశారన్నాను. దేవుడి మందిరంలో ప్రమాణం చేసిన మనిషి ఇలాంటి పని చేస్తాడా అన్నాను. నా పరువు తీశారన్నాను. ఆయన మంచం మీద, చీరల పక్కన కూర్చుని అంతా విన్నాడు.

నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు అడిగాడు. "ఇరవై నాలుగు వేలని చెబితే, మీ నాన్న నిన్నిచ్చేవాడా?"

"ఇవ్వడు. కుక్కల్ని వదిలేవాడు."

"అంతకు ముందు ఆదివారం చర్చిలో నిన్ను చూశాను కుమారీ. ఎవరితోనో పోట్లాడుతున్నావు, చెప్పుల దగ్గర. నిన్ను చేసుకోవాలనుకున్నాను. ఇంకేం చెప్పమంటావు?"

నా దగ్గర ఇంకా అనాల్సినవి బోలెడున్నాయి. కానీ సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఇంకా కోపమూ ఉంది, మూడూ ఒకేసారి. మంచం మీది హారం తీసి ఏం చేయాలో తెలియక మెళ్ళో వేసుకుని వంటింట్లోకి పోయాను. ఆ మధ్యాహ్నమంతా ఆ హారంతోనే వంకాయలు తరిగాను.

గురువారం వచ్చింది. ఆయన ఇస్త్రీ చేసిన ఆకుపచ్చ జాకెట్టు చేతి మీద వేసుకుని, వెళ్ళి ఇచ్చేసి వస్తానని బయల్దేరాడు. నేనూ వస్తానంటే వద్దన్నాడు. ఆ గంటన్నర నాకు ఎలా గడిచిందో చెప్పలేను. అందరి ముందు నిలబడి, వచ్చీరాని జర్మన్‌లో, నా భార్యకు నంబరు తెలుసు అని ఎలా చెబుతాడో ఊహించుకుంటూ గుమ్మానికీ వంటింటికీ తిరిగాను. ఎనిమిదిన్నరకు తలుపు చప్పుడైంది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఏమన్నారండీ?"

కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగాడు. "మొదట అలోయిస్ నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు."

"నవ్వడం దేనికి? సిగ్గు లేదూ వాళ్ళకి?"

"వాళ్ళ ఆవిడలకి కూడా తెలుసంట కుమారీ. అందరికీ. అలోయిస్ వాళ్ళావిడకైతే ముప్పై ఏళ్ళుగా తెలుసంట. ఆవిడ లేందే ఆయనకి మిగిలిన ఆ పద్దెనిమిదీ ఎక్కడున్నాయో కూడా తెలీదంట."

"మరి వాళ్ళ కార్డులు పోలేదేం?" అన్నాను, అప్పుడే గొంతు లేపుతూ. "అదేం న్యాయం? మనకొకటీ వాళ్ళకొకటీనా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. మొహంలో కోపం లేదు. ఉండుంటే నేను తట్టుకునేదాన్ని.

"ఆఫీసువాళ్ళు వచ్చినప్పుడల్లా ఆవిడ పెరట్లోకి వెళ్ళి బట్టలు ఆరేస్తుందంట," అన్నాడు. "వాళ్ళు వెళ్ళిపోయేదాకా లోపలికి రాదంట. నువ్వు కూడా ఆ కాసేపు బట్టలు ఆరేసుకుని ఉండాల్సింది కుమారీ."

పదమూడేళ్ళలో ఆయన నన్ను ఒక మాట అనడం అదే మొదటిసారి. నేను వెళ్ళి అన్నం వడ్డించాను.